రోదసిలో సీటు, రోదసిలో వాటా

రాకేశ్ శర్మ పేరు చెప్పగానే మన బడిపిల్లలకు గుర్తుకు వచ్చేది వొకే వొక్క విషయం. పైనుంచి భారతదేశం ఎలా కనబడుతున్నదని ఇందిరాగాంధీ అడిగితే ఆయన ఇక్బాల్ గీతంలోని మాటతో జవాబు చెప్పాడు. ఆ జవాబు ఎవరి కప్పుకిందనుంచి వినవచ్చిందో మన పాఠాలు చెప్పవు. హైదరాబాదులో చదువుకున్న యీ వైమానికదళ అధికారి 1984 ఏప్రిల్ 3న మాలిషెవ్, స్త్రెకలోవ్ అనే ఇద్దరు సోవియట్ వ్యోమగాములతో బైకనూరు నుంచి బయలుదేరాడు. సల్యూత్-7 కేంద్రంలో మరి ముగ్గురు సోవియట్ వ్యోమగాములతో కలసి పనిచేశాడు. భారత భూభాగాన్ని ఫోటోలు తీయటం ఆ పనిలో వొకటి. దేశభక్తిగీతం మిగిలింది, పని మరుగునపడింది.

మనిషిని రోదసికి పంపటానికి దేశాలు చేయి కలపాలా అన్న చర్చ మనలో ఎప్పుడూ రెండు సులభమైన మాటల మధ్యనే తిరుగుతుంది. అన్నం లేని దేశానికి ఆకాశమెందుకని వొక పక్షం. ఐతే ఆకలి భూమి దగ్గర, కూలి దగ్గర పుడుతున్నది గాని రాకెట్ల దగ్గర కాదు. మానవజాతి పురోగతి అని రెండవ పక్షం. ఆ మానవజాతిలో ఎవరెవరున్నారో వారు చెప్పరు. అడగవలసిన ప్రశ్న వేరు: యీ సహకారంలో మనకు దక్కేది సీటా, వాటా?

వాటా అంటే ఏమిటో హైదరాబాదుకు బాగా తెలుసు. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళశాస్త్రజ్ఞులు ఆకాశాన్ని ఫోటోలు తీసి పటం గీయాలని నిశ్చయించి, దానిని పట్టీలుగా విభజించి వేధశాలలకు పంచారు. చిలీలోని శాంటియాగో తన పట్టీని పూర్తిచేయలేకపోయింది. ఆ భారాన్ని బేగంపేటలోని నిజామియా వేధశాల తలకెత్తుకున్నది. తరువాత పోట్స్‌డాం వదలిన పట్టీలో కొంత కూడా. ఏడు లక్షలకు మించిన నక్షత్రాల స్థానాలు ఇక్కడ లెక్కకు ఎక్కాయి. నైజాము కొలువులో, వలసపాలన నీడలో జరిగిన పనే, కాదనను. కాని ఆ పట్టీ హైదరాబాదుది. హైదరాబాదు చేయకపోతే ప్రపంచపటంలో అక్కడ ఖాళీ మిగిలేది.

ఇంతకూ మనిషే వెళ్ళాలా, యంత్రం చాలదా? ఖర్చుకు తగిన ఫలితం చూస్తే యంత్రానిదే పైచేయి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహంలో వొక రాడార్ అమెరికాది, వొకటి మనది. అది నిజమైన వాటా. ఐనా మనుషులున్న కేంద్రానికి వొక ప్రత్యేకత వున్నది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనాక కూడా రష్యా, అమెరికాలు అంతర్జాతీయ కేంద్రాన్ని విడిచిపోలేదు. కక్ష్యను నిలబెట్టడంలో రష్యా ఇంజన్లు, విద్యుత్తులో అమెరికా ఫలకాలు ప్రధానం. లోపల ఇరుపక్షాల మనుషులున్నారు. వొకరి ఊపిరి మరొకరి యంత్రం మీద ఆధారపడినప్పుడు తెగతెంపులు అంత తేలిక కాదు. మానవయాత్రకు నేను వోటు వేసేది యీ వొక్క కారణానికే. ఆ యింటిలోనూ చైనాకు చోటులేదు. 2011లో అమెరికన్ చట్టమే తలుపు వేసింది. చైనా తన కేంద్రాన్ని తానే కట్టుకున్నది.

ఇక 2025 జూన్ సంగతి. శుభాంశు శుక్లా వెళ్ళిన నౌకలో వొక పోలండు వాసి, వొక హంగేరీ వాసి వున్నారు. యీ మూడు దేశాలూ లోగడ సోవియట్ అతిథులుగానే రోదసికి వెళ్ళాయి: పోలండు 1978లో, హంగేరీ 1980లో, మనం 1984లో. అతిథి సత్కారంలో ప్రచారం లేదనుకోవటం అమాయకత్వమే. కాని ఇప్పుడు అవే మూడు ప్రభుత్వాలు ఆక్సియం అనే ప్రైవేటు కంపెనీకి డబ్బు చెల్లించి వెళ్ళాయి. శుక్లా అక్కడ మెంతులు, పెసలు మొలకెత్తించాడు. శాస్త్రం జరగలేదనను. అతిథి కాస్తా ఖాతాదారు అయినాడు, అంతే.

వాటా అడగాలంటే చేతిలో పని వుండాలి. అబ్దుల్లాపూర్‌మెట్‌కు దక్షిణాన, ఇబ్రహీంపట్నం దాటితే, ఉస్మానియా వారి రంగాపూర్ వేధశాల వున్నది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడనుంచే పరిశీలించారు. తరువాత నగరపు వెలుతురు పెరిగింది, పరిశోధన క్షీణించింది. మరోవైపు 2035 నాటికి సొంత రోదసి కేంద్రం కడతామని ప్రభుత్వం ప్రకటించింది. అప్పుడు అతిథులను పిలిచేది మనమే. ఢాకా, ఖాట్మండూ, కొలంబోల నుంచి వచ్చేవారికి అందులో సీటు అమ్ముతామా, వొక పట్టీ అప్పగిస్తామా?