క్రియ చివరి అచ్చు: మంజోనీ సవరణపై ఒక విమర్శ

1.0 ప్రవేశిక

తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అంటారని చిన్నప్పటి నుంచి వింటున్నాం. రెండు భాషల్లోనూ మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కనుక ఈ పోలిక పుట్టింది. దాన్ని పొగడ్తగా తీసుకుని మనం అక్కడే ఆగిపోయాం. అయితే ఇటాలియన్ క్రియ చివర ఉండే అచ్చు చెవికి ఇంపు కోసం మాత్రమే లేదు. ఆ పని ఎవరిదో చెప్పే బాధ్యత దానిమీదే ఉంది. ఒక్క అచ్చు మారితే ‘నేను’ పోయి ‘అతడు’ వస్తాడు.

ఈ పాఠంలో అలాంటి ఒక్క అచ్చు కథను పరిశీలిస్తాం. అలెస్సాంద్రో మంజోనీ (1785–1873) తన నవలను తిరగరాస్తూ ఉత్తమ పురుష క్రియల చివరి ‘ఆ’ను ‘ఓ’గా మార్చాడు. ఇది అచ్చుతప్పుల సవరణ వంటిది కాదు. సాహిత్యంలో ఎవరి నోటి భాషకు చోటు ఉండాలన్న ప్రశ్నకు అతడిచ్చిన జవాబు. ఆ జవాబు ఎంతవరకు సరైనదో తేల్చుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

1.1 ఇటాలియన్ క్రియ నిర్మాణం

ముందుగా కొంత వ్యాకరణం అవసరం. ఇటాలియన్ క్రియలు తుమున్నర్థక రూపాన్ని బట్టి మూడు గణాలు: ‘-ఆరే’, ‘-ఎరే’, ‘-ఇరే’తో ముగిసేవి. పాఠ్య వ్యాకరణాలు సాధారణంగా ఏడు అర్థాలను, వాటిలో ఇరవై ఒక్క కాలరూపాలను చూపుతాయి. నిశ్చయార్థకం (ఇండికాతీవో)లో 8, సంశయం, కోరిక, అభిప్రాయం తెలిపే కొంజుంతీవోలో 4, ‘అయితే చేసేవాణ్ణి’ వంటి భావం గల కొందిత్సియొనాలేలో 2, విధ్యర్థకంలో 1 ఉంటాయి. పురుష భేదం లేని తుమున్నర్థకం, పార్తిచీపియో, జెరూందియో ఒక్కొక్కదానికి 2 చొప్పున 6.

ఈ పట్టికను చూసి భయపడవద్దు. పట్టిక ఒక గోడవంటిది. గోడలో ప్రతి ఇటుక ఎప్పుడు, ఎందుకు అక్కడికి వచ్చిందో గోడ చెప్పదు. విమర్శకుడు అడగవలసింది అదే.

మన పాఠానికి కావలసిన ఇటుక ఇంపెర్ఫెత్తో. ఇది గతంలో కొనసాగిన లేదా అలవాటుగా జరిగిన పనిని చెబుతుంది. ‘మాట్లాడు’ అనే పర్లారే క్రియకు నేటి రూపాలు ఇవి: పర్లావో (నేను), పర్లావి (నువ్వు), పర్లావా (అతడు, ఆమె). ‘ఉండు, కలిగి ఉండు’ అనే అవేరే క్రియలో ‘నాకు ఉండేది’ అనడానికి అవేవో అంటారు. తెలుగు లిపిలో రాస్తే ఇది మన ‘అవేవో’ లాగే కనిపిస్తుంది. అందువల్ల మీకు గుర్తుండిపోతుంది.

1.2 ‘ఆ’ ఎక్కడిది, ‘ఓ’ ఎక్కడిది?

లాటిన్‌లో ‘నేను ప్రేమిస్తూ ఉండేవాణ్ణి’ అనడానికి అమాబం, ‘అతడు ప్రేమిస్తూ ఉండేవాడు’ అనడానికి అమాబత్ అనేవారు. చివరి హల్లులు రాలిపోయేసరికి రెండూ అమావా అయ్యాయి. కనుక చరిత్ర ప్రకారం ఉత్తమ పురుషలో ‘ఆ’యే పాతది. తరువాత ఫ్లోరెన్స్ జనం వర్తమాన కాలంలోని అమో (నేను ప్రేమిస్తున్నాను) పోలికమీద అమావో అనసాగారు.

1525లో పియెత్రో బెంబో సాహిత్య భాషకు 14వ శతాబ్దపు పెత్రార్కా, బొక్కాచ్చోల భాషను ఆదర్శంగా నిలిపాడు. దాంతో జనం నోట ‘ఓ’ ఉన్నా పండితుల కలం ‘ఆ’నే పట్టుకుంది. నోటికీ కలానికీ మధ్య ఈ ఎడం మూడు శతాబ్దాలు సాగింది.

1.3 మంజోనీ ఏం చేశాడు?

మంజోనీ నవల ‘ఇ ప్రొమెస్సి స్పోజి’ అంటే పెళ్ళి నిశ్చయమైన జంట. 1628–30 నాటి లొంబార్దియాలో, స్పెయిన్ పాలన కింద జరిగే కథ. పల్లెటూరి పట్టుపని యువకుడు రెంజో, అతడు చేసుకోబోయే లుచీయా. దొన్ రొద్రీగో అనే దొర ఆ పెళ్ళిని అడ్డుకుంటాడు. నవల మొదటి రూపం 1827లో వెలువడింది. అదే ఏడు రచయిత ఫ్లోరెన్స్ వెళ్ళి అక్కడి చదువుకున్నవారి మాట తీరును శ్రద్ధగా విన్నాడు. సవరించిన రూపం 1840–42 మధ్య భాగాలుగా వచ్చింది. నవలను అర్నో నదిలో జాడించాడని ఇటాలియన్లు నేటికీ చెప్పుకుంటారు. ఆ నది ఫ్లోరెన్స్ గుండా పారుతుంది.

ఈ సవరణలో ఉత్తమ పురుష అవేవా అవేవో అయింది. గ్రాంథికమైన సర్వనామాలు అనేకచోట్ల తగ్గి, వాడుకలోని రూపాలు వచ్చాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇది ప్రధానంగా ప్రథమ పురుషలో చెప్పిన కథ. అందువల్ల ‘నేను’తో కూడిన ఇంపెర్ఫెత్తో ఎక్కువగా పాత్రల సంభాషణల్లోనే అవసరమవుతుంది. అంటే ఈ ‘ఓ’ వల్ల మొదట లాభపడింది కథకుడు కాదు. తమ గోడు చెప్పుకునే పాత్రలు. న్యాయవాది దగ్గరకు కోళ్ళు పట్టుకుని వెళ్ళి, అక్కడి చట్టపు మాటల ముందు నోరు పెగలక తిరిగివచ్చే రెంజో వంటివాడు బెంబో వ్యాకరణం ప్రకారం మాట్లాడితే అతడి బాధ మనకు నమ్మశక్యంగా ఉండదు. పెద్దల భాష పేదవాణ్ణి ఎలా మోసగిస్తుందో చూపే నవల ఆ పేదవాడి చేత పెద్దల క్రియలు పలికించకూడదు. మంజోనీ సవరణకు కళాపరమైన సమర్థన ఇదే అని నా అభిప్రాయం.

కొందరు దీనికి స్పష్టతను కారణంగా చెబుతారు. ‘ఆ’ రూపంలో నేను, అతడు ఒకటే కనుక సర్వనామం చేర్చక తప్పదు. ‘ఓ’ వస్తే ఆ అవసరం తీరుతుంది. ఇది నిజమే కాని చాలదు. కొంజుంతీవో వర్తమానంలో నేను, నువ్వు, అతడు ముగ్గురికీ ఆమి అనే ఒకే రూపం ఉంది. దాన్ని ఎవరూ సవరించలేదు. మన తెలుగులోనూ ‘వచ్చింది’ అంటే ఆమె కావచ్చు, ఆవు కావచ్చు. భాష అస్పష్టతను భరించగలదు. కనుక మంజోనీని కదిలించింది ప్రధానంగా స్పష్టత కాదు, జీవద్భాష.

1.4 అస్కోలీ అభ్యంతరం

ఇంతవరకు మంజోనీ పక్షాన మాట్లాడాం. ఇప్పుడు ఎదుటి పక్షం వినాలి. ఇటలీ 1861లో ఒకే రాజ్యమైంది. ఆనాటికి ఇటాలియన్ మాట్లాడగలిగినవారు జనాభాలో 2.5 శాతమే ఉంటారని భాషాచరిత్రకారుడు తుల్లియో దె మౌరో తరువాతి కాలంలో అంచనా వేశాడు. ఇంకా ఎక్కువే ఉంటారన్న పండితులూ ఉన్నారు. మిగిలినవారు తమ తమ ప్రాంతాల మాండలికాలే మాట్లాడేవారు. 1868లో మంజోనీ ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించాడు. నేటి ఫ్లోరెన్స్ భాషనే దేశమంతటికీ నేర్పాలని, దాని నిఘంటువు తయారుచేయాలని అందులో సూచించాడు.

1873లో భాషాశాస్త్రవేత్త గ్రాత్సియాదియో ఇజాయియా అస్కోలీ దీన్ని గట్టిగా ఖండించాడు. ఆ నిఘంటువు పేరులోనే ‘కొత్త’ అనే మాటను దేశమంతటా పుస్తకాల్లో ఉన్న నువోవోగా కాక ఫ్లోరెన్స్ పలుకుబడి ప్రకారం నోవో అని రాశారు. అస్కోలీ విమర్శ అక్కడి నుంచే మొదలైంది. ఒక నగరం నోటిని చట్టంగా చేస్తే భాష ఏకం కాదు. చదువు, ఆలోచన అందరిలో వ్యాపిస్తేనే భాష కలుస్తుంది అన్నది అతడి వాదసారం. పెద్ద రాజధాని ఆధిపత్యం లేకుండానే జర్మనీ ఉమ్మడి భాషను సాధించిందని ఉదాహరణ చూపాడు.

ఫలితం ఏమైంది? అవేవో నిలిచింది. నోవో నిలవలేదు; ఇటాలియన్లు నేటికీ నువోవో అనే రాస్తారు. ఇద్దరూ కొంత గెలిచారు. నవలాకారుడుగా మంజోనీ పాత్రలకు నోరిచ్చాడు, అది నిలిచింది. భాషా శాసనకర్తగా అతడు అదే పద్ధతిని చట్టం చేయబోయాడు. అది పూర్తిగా సాగలేదు. స్వయంగా మిలాన్‌వాడైన మంజోనీకి ఆ నగరపు మాండలికమే ఇంటి భాష. మిలాన్ నోటికి ఇవ్వని స్థానం ఫ్లోరెన్స్ నోటికి ఎందుకివ్వాలన్న ప్రశ్నకు అతడి దగ్గర తృప్తికరమైన సమాధానం లేదు.

1.5 తెలుగు పాఠకునికి దీనితో పనేమిటి?

మొదటిది అనువాద సమస్య. ‘వెళ్ళు’ క్రియకు అందావో అన్న రూపాన్ని రెంజో అన్నా, లుచీయా అన్నా ఒకటే. తెలుగులో రెంజో ‘వెళ్ళేవాణ్ణి’ అనాలి, లుచీయా ‘వెళ్ళేదాన్ని’ అనాలి. ఇటాలియన్ దాచినదాన్ని మన క్రియ బయట పెడుతుంది. అలాగే కొంజుంతీవో ఒక్క క్రియాంతంతో చెప్పే సంశయాన్ని మనం ‘వస్తాడేమో’ అని ప్రత్యయం చేర్చి చెప్పుకోవాలి. అందువల్ల అనువాదకుడు పట్టికలో గడికి గడి వెతకకూడదు. మాట్లాడేవారి వైఖరిని వెతకాలి.

రెండవది ఇంకా దగ్గరిది. మన వ్యావహారిక భాషావాదం కూడా చాలావరకు క్రియల చివరే జరిగింది. ‘చేసెను’ పోయి ‘చేశాడు’ రావడానికి గిడుగు రామమూర్తి వంటివారు ఎంత శ్రమించారో మీకు తెలుసు. కాని ‘చేశాడు’ వచ్చి కూర్చున్నాక ‘చేసిండు’ను ఏం చేశాం?

ఉద్యోగం తొలి రోజుల్లో ఒక జవాబు పత్రంలో ‘రాసిండు’, ‘చెప్పిండు’ అన్న క్రియల కింద ఎర్రసిరాతో గీతలు గీసి మార్కులు తగ్గించాను. జవాబులో విషయం సరిగానే ఉంది. ఆ విద్యార్థి నన్ను ఏమీ అడగలేదు. ఎన్నో ఏళ్ళ తరువాత అస్కోలీని పాఠంగా చెబుతున్నప్పుడు ఆ కాగితం గుర్తుకు వచ్చింది. వ్యావహారికాన్ని సమర్థిస్తూ ఉపన్యాసాలిచ్చిన నేను, ఆ కాగితం మీద బెంబో పని చేశాను. నా వ్యాకరణంలో నాకు వినిపించని నోరు అది.

1.6 సారాంశం

ఇటాలియన్ క్రియల పట్టికలోని ప్రతి అంత్యాచ్చు వెనుక ఒక చరిత్ర ఉంది. ఉత్తమ పురుషలో ‘ఆ’ స్థానంలో ‘ఓ’ను నిలిపి మంజోనీ తన పాత్రలకు జీవద్భాష ఇచ్చాడు. ఒక ప్రాంతపు నోటిని అందరికీ చట్టం చేయడంలోని ప్రమాదాన్ని అస్కోలీ చూపాడు. రచనను విమర్శించేటప్పుడు క్రియ చివర ఎవరి గొంతు వినిపిస్తోంది, ఎవరి గొంతు వినిపించడం లేదు అని రెండూ అడగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లాటిన్ నుంచి వచ్చిన ‘ఆ’ రూపం ఉండగా ‘ఓ’ రూపం ఎలా ఏర్పడింది?

2. మంజోనీ సవరణకు స్పష్టత ఒక్కటే కారణమా? కారణాలతో చర్చించండి.

3. మీ ఇంట్లో పెద్దలు వాడే ఐదు క్రియారూపాలను రాయండి. అవి మీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తున్నాయా? కనిపించకపోతే కారణం ఏమై ఉంటుందో మీ మాటల్లో వివరించండి.