మైకు ముందు సురభి గొంతు

1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైన ‘కాళిదాస్’ సినిమాలో కథానాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడుతుంది. ఎదురుగా ఉన్న పి.జి. వెంకటేశన్ తెలుగులో బదులిస్తాడు. సినిమా చరిత్ర రాసేవాళ్లు దీన్ని ఒక వింతగా చెబుతారు. మన క్రిష్ణగిరి జిల్లా బేరిగైలోనో సూలగిరిలోనో సంత నాడు ఒక గంట నిలబడినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. తెలుగులో బేరం మొదలై, తమిళంలో తెగి, కన్నడంలో చిల్లర చేతికందే సీమ మనది.

ఆ సినిమా తీసిన హెచ్.ఎం. రెడ్డే ఆ వెంటనే మొత్తం తెలుగులో ‘భక్త ప్రహ్లాద’ తీశాడు. అర్దేషిర్ ఇరానీ గారి ఇంపీరియల్ కంపెనీ, బొంబాయిలో షూటింగు. ఈ సినిమా 1931 సెప్టెంబరులో వచ్చిందని చాలాకాలం చెప్పుకున్నాం. పరిశోధకుడు రెంటాల జయదేవ ఆధారాలు వెదికి తీసి, విడుదల 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో అని నిలబెట్టాడు. పాటలు చందాల కేశవదాసువి. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. లీలావతి సురభి కమలాబాయి.

తొలి తెలుగు టాకీ కథానాయిక అని చెప్పి కమలాబాయికి ఒక దండ వేసి ముందుకు పోవడం మనకు అలవాటు. క్విజ్ పోటీలకు ఆ మాట చాలు. ఆమె మైకు ముందుకు ఏ విద్య పట్టుకుని వెళ్లింది, అది లేకుంటే ఆ సినిమా ఏమయ్యేది అన్నది అసలు సంగతి.

ఆ విద్య ఒక ఊరి పేరు మోస్తుంది. కడప జిల్లా సురభిలో 1885లో వనారస కుటుంబం ‘కీచకవధ’ ఆడింది. వాళ్ల పెద్దలు తోలుబొమ్మలాడించినవాళ్లు. బొమ్మల వెనక ఆడామగా కలిసి పాడిన ఇల్లు కావడంతో, బొమ్మలు వదిలి మనుషులే రంగం మీదికి వచ్చినప్పుడు ఆడవేషం ఆడవాళ్లే కట్టారు. మగవాళ్లు చీర కట్టి ద్రౌపది వేషం వేయడమే రివాజుగా ఉన్న కాలమది. మన దిక్కు భారతం ఆటల్లో ఆ రివాజు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది.

కమలాబాయి పుట్టుక గురించి సురభివాళ్లు ఒక కథ చెబుతారు. తల్లి వెంకూబాయి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులు వచ్చాయి. తెర దించారు, రంగం మీదే బిడ్డ పుట్టింది. చెప్పీచెప్పీ నున్నబడిన కథే అనుకున్నా, ఆ కుటుంబాల్లో ఇల్లు వేరు, నాటకం వేరు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. పిల్లలు ప్రహ్లాదుడితోనో బాలకృష్ణుడితోనో మొదలుపెడతారు. తమ పాత్ర ఒక్కటే నేర్చుకుంటే కుదరదు. ఎవరికి జ్వరమొచ్చినా పక్కవాడు ఆ వేషం కట్టి దిగాలి కాబట్టి నాటకమంతా నోటికి వచ్చి ఉండాలి.

ఇక పద్యం సంగతి. పద్యనాటకం తెలియని వాళ్లకు అది గట్టిగా కేకపెట్టడంలా వినిపిస్తుంది. అందులో ఉన్న పని వేరు. హార్మోనియం మెట్టు ఒకటి చెవిలో నాటుకోవాలి. నడుమ సంభాషణ ఎంతసేపు సాగినా, తిరిగి ఎత్తుకునేటప్పుడు గొంతు అదే శ్రుతిలో పడాలి. సీసం ఎత్తుకుంటే నాలుగు పెద్దపాదాలూ, వెనకాల గీతమూ ఎక్కడ ఊపిరి తీయాలో ముందే తెలిసి ఉండాలి. మాట మధ్యలో ఊపిరి తీస్తే అర్థం విరిగిపోతుంది. రాగం పాదం చివర తీస్తారు, మాట మీద కాదు. చివరి వరుసలో చాప మీద కూచున్న ముసలాయనకు ముందు మాట అందాలి, రాగం ఆ తర్వాతి సంగతి. రాగం కోసం మాటను మింగే నటుడికి చప్పట్లు పడతాయేమో గానీ, పద్యం మాత్రం చచ్చిపోతుంది.

తొలి టాకీలకు సరిగ్గా ఈ పనితనమే కావలసి వచ్చింది. నేపథ్య గానం హిందీలోనే 1935లో వచ్చింది. తెలుగు నటులు 1940ల్లోకి వచ్చినా తమ పాట తామే పాడుకుంటూ ఉన్నారు. కెమెరా తిరుగుతుండగానే పాడాలి, పాడుతూనే నటించాలి. హార్మోనియం, తబలా వాయించేవాళ్లు కెమెరా కంట పడకుండా పక్కన సర్దుకుని కూచునేవారు. మైకును సెట్టులో ఎక్కడో దాచేవారు. ఒక స్వరం తప్పినా, ఎవరైనా దగ్గినా మళ్లీ మొదటికి రావాల్సిందే, ముక్కలు కోసి అతికే వెసులుబాటు తక్కువ. దీపాల వేడిలో చెమట కారుతున్నా ముఖంలో లీలావతి దుఃఖమే ఉండాలి. రాత్రంతా ఆగకుండా ఆడే నాటకంలో పెరిగిన మనిషికి ‘మధ్యలో ఆగకు’ అన్న షరతు కొత్త కాదు.

చిక్కు మరోచోట ఉంది. మైదానం చివరికి వినిపించేలా తయారైన గొంతును అడుగు దూరంలో ఉన్న మైకు భరించలేదు. చేతులు బారచాపే రంగస్థలపు అభినయం దగ్గరి షాటులో అతిగా కనిపిస్తుంది. బలం తగ్గించి, స్పష్టత తగ్గనివ్వకుండా పాడటం వాళ్లకు కొత్త పాఠం. అది వచ్చినవాళ్లే సినిమాలో నిలిచారు. పేరుమోసిన రంగస్థల నటులు కొందరు ఒకటి రెండు చిత్రాలతోనే వెనక్కి వెళ్లిపోయారు.

కమలాబాయి నిలిచింది. అదే 1932లో సాగర్ మూవీటోన్ వారి ‘పాదుకా పట్టాభిషేకం’లో సీత, ‘శకుంతల’లో శకుంతల. కంపెనీ గుజరాతీలది, దర్శకుడు సర్వోత్తమ్ బదామి కన్నడిగుడు, ఊరు బొంబాయి, మాట తెలుగు. తర్వాత బొంబాయిలోనే ఉండి హిందీ చిత్రాల్లోనూ నటించింది. 1938లో విశాఖపట్నంలో తీసిన ‘భక్త జయదేవ’లోనూ ఉంది. చాలామందికి ఆమె ముఖం గుర్తున్నది మాత్రం 1951 నాటి ‘పాతాళభైరవి’ వల్ల. అందులో తోటరాముడి తల్లి ఆమే. కథానాయికగా మొదలై కథానాయకుడి తల్లిగా మిగలడం మన సినిమా ఆడవాళ్లకు రాసిపెట్టిన దారి. ఆ దారి తొలి కథానాయికతోనే మొదలైంది.

‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఇప్పుడు లేదు. ఆమె లీలావతిగా ఎలా పాడిందో చూసి తెలుసుకునే వీలు పోయింది. అందుకే ఆ తరం పద్యవిద్య ఊళ్లలో ఏ కాస్త మిగిలి ఉన్నా దాని విలువ పెరిగింది. మన క్రిష్ణగిరి జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ ఉత్సవాలకు భారతం ఆడతారు. అర్జునుడు తపసుమాను అనే ఎత్తైన స్తంభం ఎక్కుతూ పద్యాలు పాడతాడు. హార్మోనియం కిందే ఉండిపోతుంది, పైకెక్కే కొద్దీ శ్రుతికి అతని చెవే ఆధారం. బళ్లో తెలుగు చదువుకునే అవకాశం దొరకక, చెవితోనే పద్యాలు పట్టినవాళ్లు ఈ ఆటగాళ్లలో ఉన్నారు. వాళ్ల ఉచ్చారణలో తప్పులు వెదికే పండితులు ఒక్క సీసం ఆ ఎత్తున పాడి చూడాలి.

ఈసారి మీ ఊళ్లో భారతం జరిగితే ఫోను తీసి అర నిమిషం వీడియోతో సరిపెట్టకండి. పద్యం మొదలు నుంచి చివరి రాగం దాకా, హార్మోనియంతో సహా పట్టండి. పాడినాయన అనుమతి అడిగి, ఆయన పేరు, ఊరు, ఆయనకు నేర్పిన గురువు పేరు, తేదీ రాసి పెట్టండి. వీలైతే పగటిపూట ఆయన ఇంటికి పోయి, మొత్తం పాఠం చెప్పించుకుని తెలుగు లిపిలో ఎక్కించండి. ఖర్చు ఏమీ లేదు, రెండు పూటల పని.