అడిగి తెలుసుకునే విద్య

తెలంగాణ పల్లెల్లో మొహర్రం వచ్చిందంటే పీర్లు లేస్తాయి. మొక్కున్నవాళ్లు దట్టీలు కడతారు, ఊదు వేస్తారు, మలీద ముద్దలు పంచుతారు. గుండం చుట్టూ ఆడేవాళ్లలో ఎవరిది ఏ మతమో అడిగేవాళ్లుండరు. దర్గా దగ్గర కందూరు చేసే కుటుంబాల్లో హిందువులు బోలెడంత మంది. మా కీసర నుంచి హైదరాబాదు నగరంలోకి వెళ్తుంటే మౌలాలి గుట్ట వస్తుంది. కుతుబ్‌షాహీల కాలం నుంచీ ఆ గుట్ట మెట్లు అన్ని మతాలవాళ్లూ ఎక్కుతూనే ఉన్నారు.

ఇవన్నీ చూపించి, ‘మనకు మతసామరస్యం ఇంకొకరు నేర్పాలా’ అంటారు. నేర్పాల్సిన పని ఉందనే నేను అంటాను. కలిసి పండుగ చేసుకోవడం గొప్ప సంగతే. కానీ ఏటా పీరును ఎత్తుకున్న మనిషికి, పక్కింటి సాయెబు రోజూ నమాజులో ఏమని వేడుకుంటాడో తెలియకపోవచ్చు. ఆ సాయెబుల్లోనే కొందరికి పీర్ల పండుగంటే ఎందుకు గిట్టదో అసలే తెలియకపోవచ్చు. ఒకే బావి నీళ్లతో ఒకే చెలకలో పని చేసుకున్నన్నాళ్లు ఆ తెలియకపోవడం ఎవరికీ అడ్డు రాలేదు. ఇప్పుడా చెలకలు ప్లాట్లయ్యాయి. అవుటర్ రింగు రోడ్డు పడ్డాక కీసర, శామీర్‌పేట చుట్టూ లేచిన కాలనీల్లో ఏ జిల్లా నుంచో, ఏ రాష్ట్రం నుంచో వచ్చినవాళ్లు గోడకు గోడ ఆనుకుని బతుకుతున్నారు. అక్కడ పీర్ల కొట్టం లేదు. పక్కింటివాళ్ల మతం గురించి వాళ్లకు తెలిసిందల్లా ఫోన్లో ఎవరో పంపిన వీడియోనే.

సామరస్యానికి పాత ఆధారాలు కావాలన్నా మా దగ్గరే ఉన్నాయి. కీసరగుట్ట మీద రామలింగేశ్వరుడి గుడి పరిసరాల్లో విష్ణుకుండిన రాజుల నాటి ఇటుక కట్టడాల ఆనవాళ్లున్నాయి. ఆ వంశంలో మాధవవర్మ పదకొండు అశ్వమేధాలు చేశాడని వాళ్ల శాసనాలే చెబుతాయి. అదే వంశపు గోవిందవర్మ బౌద్ధ విహారానికి దానమిచ్చిన సంగతి తుమ్మలగూడెంలో దొరికిన రాగిరేకుల మీద ఉంది. చదివితే నాకు సంతోషమే. అయితే ఏనాటి రాజో చేసిన దానం తలుచుకుని ఇవాళ ఏ కాలనీలోనూ ఎవరూ పక్కింటి తలుపు తట్టరు. ఆ పని బతికున్నవాళ్లు చేయాలి, చేసే తీరు తెలిసి చేయాలి.

ఆ తీరును ఓపికగా నేర్చుకున్న సంస్థ ఒకటి హైదరాబాదులోనే ఉంది. శివరాంపల్లిలోని హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్. దాని చరిత్ర తెలిసినప్పటి నుంచి నాకు దాని మీద గౌరవం పెరుగుతూనే ఉంది. 1930లో లాహోరులో మొదలైంది. క్రైస్తవ ప్రచారకులకు ఇస్లాం నేర్పి, ముస్లింల మధ్యకు పంపడం అప్పటి ఉద్దేశం. తర్వాత అలీగఢ్, జబల్‌పూర్ మీదుగా 1970ల మొదట్లో హైదరాబాదు చేరింది. ఊళ్లు మారే కొద్దీ ఉద్దేశమూ మారింది. ఎదుటివాళ్లను మార్చడానికి వాళ్ల గ్రంథం చదవబోయినవాళ్లు, వాళ్లను అర్థం చేసుకోవడానికి చదవడం మొదలుపెట్టారు. పేరులో ఒక మత ప్రచారకుడిని పెట్టుకున్న సంస్థ, ఆ పేరు తీసేయకుండానే తన పనిని మార్చుకుంది. సొంత పుట్టుకను తనే ప్రశ్నించుకున్న సంస్థలు మన దగ్గర ఎన్ని ఉన్నాయి?

1990 డిసెంబరులో పాతబస్తీలో హిందూ ముస్లిం అల్లర్లు చెలరేగి వందకు పైగా ప్రాణాలు పోయాయి. పుస్తకాల గదిలో కూర్చుని మతాలను అధ్యయనం చేస్తే సరిపోదని ఆ సంస్థవాళ్లకు అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది. ఆ పాతబస్తీలోనే సుల్తాన్‌షాహిలో ‘అమన్ శాంతి’ పేరుతో కేంద్రం పెట్టారు. అక్కడ ఖురాను, గీత పక్కపక్కన పెట్టి ఉపన్యాసాలేమీ దంచలేదు. ఆడవాళ్లకు కుట్టుపని, పిల్లలకు చదువు. రెండు మతాల ఆడవాళ్లు కుట్టుమిషను దగ్గర పక్కపక్కన కూర్చుని జాకెట్టు కత్తిరించడం నేర్చుకుంటుంటే, మాటలు వాటంతటవే వస్తాయి. ధరలు, పిల్లల జ్వరాలు, తాగొచ్చే మొగుడు. మతం మాట చాలా ఆలస్యంగా వస్తుంది. అప్పటికి వాళ్లు ఒకరికొకరు కొత్తవాళ్లు కారు.

మన దగ్గర శాంతి కమిటీలున్నాయి. వినాయక నిమజ్జనం ముందో, రంజాన్ ముందో పోలీసు స్టేషనులో పెద్దల్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఫొటో తీసి పంపిస్తారు. వాటిని నేను తక్కువ చేయను, గండం గడిచిన సందర్భాలు ఉండే ఉంటాయి. కానీ భయం పుట్టిన వారం మాత్రమే కలిసేవాళ్లకు భయం గురించి తప్ప మాట్లాడుకోవడానికి ఏం ఉంటుంది? పైగా ఆ పెద్దల్లో ఆడవాళ్లు ఎందరు, పాతికేళ్ల లోపువాళ్లు ఎందరు?

సభల వల్ల లాభం లేదని కాదు. వివేకానందుడు చికాగో వెళ్లే ముందు, 1893 ఫిబ్రవరిలో మన సికింద్రాబాదు మహబూబ్ కాలేజీలోనే మాట్లాడాడు. అదే ఏడాది సెప్టెంబరులో చికాగో సర్వమత సభ జరిగింది. ఒక మతం తన గురించి తాను లోకానికి చెప్పుకోవడానికి అలాంటి వేదిక కావాలి. అయితే వేదిక మీద చెప్పేవాళ్లే ఉంటారు. అడిగేవాళ్లు కావాలంటే కింద చాప పరుచుకుని కూర్చోవాలి.

ఆ కూర్చోవడానికీ పద్ధతి ఉంది. అమెరికాలో లెనార్డ్ స్విడ్లర్ అనే ఆచార్యుడు 1983లో మతాల మధ్య సంభాషణకు పది సూత్రాలు రాశాడు. అందులో రెండు నాకు ఎప్పుడూ గుర్తుంటాయి. ఎవరి మతం గురించి వాళ్లే చెప్పాలన్నది ఒకటి. రెండోది ఇంకా కష్టం. మన ఆదర్శాన్ని ఎదుటివాళ్ల ఆచరణతో పోల్చకూడదు. అలాంటి బైఠకుల్లో కూర్చున్నప్పుడల్లా చూస్తాను, అందరం జారేది అక్కడే. హిందువు ‘వసుధైక కుటుంబం’ అని తన వైపు నుంచి తీసి, అవతల పేలిన బాంబును చూపిస్తాడు. ముస్లిం నమాజు వరసలోని సమానత్వాన్ని చెప్పి, ఇవతల కులాన్ని చూపిస్తాడు. క్రైస్తవుడు ప్రేమ గురించి చెబుతాడు, దళిత క్రైస్తవులకు వేరే శ్మశానం ఉన్న ఊళ్ల మాట ఎత్తడు. ఆదర్శం పక్కన ఆదర్శం, తప్పు పక్కన తప్పు పెట్టి మాట్లాడటం మొదలైతే గదిలో గొంతులు తగ్గుతాయి. తన ఇంటి తప్పు తనే చెప్పినవాళ్ల మీద ఎదుటివాళ్లకు నమ్మకం పుడుతుంది.

అంతా అయ్యాక కూడా ఒప్పుకోని విషయాలు మిగులుతాయి. విగ్రహారాధన మీద, మతమార్పిడి మీద, గోమాంసం దాకా ఆహారం మీద. వాటిని చాప కిందకు నెట్టే సామరస్యం నాకు వద్దు. మొదటి రోజే అడిగితే తెగిపోతుంది, ఏడాదైనా అడగకపోతే ఆ స్నేహం ఉత్తదే. ఎప్పుడు అడగాలో, ఎవరు అడగాలో, ఏ గొంతుతో అడగాలో తెలియడమే ఈ విద్యలో కష్టమైన పాఠం. దానికి గురువులు మన నగరంలోనే ఉన్నారు.

కీసర కాలనీల్లో సంఘాలున్నాయి. నీళ్లకూ రోడ్లకూ నెలనెలా కలుస్తూనే ఉంటారు. ఆ సమావేశమయ్యాక ఇంకో గంట ఉండి, ఈ నెల ఒకరింటి పండుగ గురించి వాళ్ల నోటనే విందాం అనుకుంటే కొత్తగా పెట్టాల్సిన ఖర్చేమీ లేదు. ఆడవాళ్లకు వీలైన వేళ పెట్టాలి, నమాజు వేళ తప్పించాలి, అందరూ తినగలిగిన పలహారం పెట్టాలి. మా వీధిలో ఈ మాట కదిపాను. ఇద్దరు సరేనన్నారు, ఒకరు ఎందుకీ తలనొప్పి అన్నారు. ఆ మూడో ఇంటికే ముందు వెళ్లాలనుకుంటున్నాను.