కాలిన ఐసీకి మర్యాదలేల

ఆడుతున్న యాంప్లిఫయర్ ఉన్నట్టుండి మూగబోతే కుర్రాళ్లకు మొదట గుర్తొచ్చేది కోఠి గుజరాతీ గల్లీ. ఐసీ పోయింది, కొత్తది తెచ్చి వేసేద్దాం. మా మేనల్లుడూ అంతే. సొంతంగా కట్టుకున్న స్టీరియో యాంప్లిఫయర్‌లో ఎడమవైపు టీడీఏ2030 కాలిపోతే కొత్తది వేశాడు. కొన్నాళ్లకు అదీ పోయింది. ‘‘నకిలీ సరుకు అంటగట్టారు మామయ్యా’’ అంటూ డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు.

ఈ ఐసీకి నకిలీలున్న మాట నిజమే. అయినా షాపువాణ్ణి తిట్టేముందు మీటర్ పెట్టాలి. టీడీఏ2030 ప్లస్ 18, మైనస్ 18 వోల్టులకు మించి ఓర్చుకోదు. వీడు వాడింది 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్. పన్నెండుని 1.414తో గుణిస్తే దాదాపు 17. కాగితం మీద ఇబ్బంది లేదు. కానీ ఆ పన్నెండు పూర్తి లోడు మీద మాట. పాట ఆపి స్విచ్ వేసి వదిలేస్తే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పదమూడున్నర కూడా ఇస్తుంది. పైగా రాత్రి పొద్దుపోయాక 230 కాస్తా 250కి ఎగబాకే వీధులు మనకు కొత్తా? మీటర్‌లో పద్దెనిమిదిన్నర కనిపించింది. పాడేటప్పటికన్నా ఊరికే ఉన్నప్పుడే ఐసీకి ముప్పన్నమాట.

మందు తేలికే. టీడీఏ2030ఏ అని ఇంకోటుంది. కాళ్ల వరస అదే, 22 వోల్టుల దాకా తట్టుకుంటుంది. ఫిల్టర్ కెపాసిటర్లు 25 వోల్టులవి కాబట్టి వాటి జోలికి పోలేదు.

పాతదాన్ని తీయడం దగ్గర మళ్లీ పేచీ. అయిదు కాళ్లనూ ఒకేసారి కరిగించి ఐసీని క్షేమంగా లాగాలని వాడి తాపత్రయం. చచ్చిన ఐసీకి చేసే మర్యాద ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైనది. ఐరన్ అంతసేపు ఆనిస్తే బోర్డు మీది రాగి గీత లేచొస్తుంది, ఆ గోధుమరంగు చవక బోర్డులైతే మరీను. కట్టర్‌తో కాళ్లు కత్తిరించి, మొండేన్ని పక్కన పడేసి, మిగిలిన మొలకలను ఒక్కొక్కటే వేడిచేసి పట్టకారుతో లాగాలి. ఒకటి మొండికేసింది. దానిమీద కొత్త సోల్డర్ కాస్త అంటించాను. తీయడానికి కూర్చుని ఇంకా పూస్తావేంటని నవ్వాడు. కొత్త తీగలోని ఫ్లక్స్ తగిలితేనే పాతది పాకంలా కదులుతుంది. తర్వాత పంపుతో రంధ్రం శుభ్రం.

ఈ ఐసీ వీపున ఉన్న లోహపు రేకుకి మైనస్ సప్లయ్ కాలితో లోపలే సంబంధం. హీట్‌సింక్ డబ్బాకి, డబ్బా గ్రౌండ్‌కి తగిలి ఉంటే నేరుగా షార్టే. అందుకే మధ్యలో మైకా ముక్క, స్క్రూకి ప్లాస్టిక్ బుష్. పాత మైకా చీలి ఉంది, మార్చాం. రేకుకీ హీట్‌సింక్‌కీ మధ్య మీటర్ కూయకపోతేనే కరెంటు ఇవ్వాలి.

అదీ సిరీస్ బల్బుతో. 60 వాట్ల ఫిలమెంటు బల్బు కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. (ఐసీ కన్నా ఈ బల్బు దొరకడమే గగనంగా ఉందిప్పుడు.) ఎక్కడైనా షార్టుంటే వెలుగుతూనే ఉంటుంది. మాది ఒక్కసారి మెరిసి మందగించింది. ఎడమ స్పీకర్ పలికింది.

కుడివైపున్నది ఇంకా ‘ఏ’ లేని టీడీఏ2030నే. దాన్నీ ఈ ఆదివారమే మార్చేద్దాం రారా అంటే, ‘‘అది బానే ఉందిగా మామయ్యా’’ అంటున్నాడు.