ఐస్‌క్రీమ్ మూత మీద వాటాల ప్రకటన

1984లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో బెన్ అండ్ జెర్రీస్ ఐస్‌క్రీమ్ కొన్నవాళ్లకు డబ్బా మూత మీద ఒక ప్రకటన కనిపించింది. ఈ కంపెనీలో మీరూ వాటా కొనుక్కోవచ్చు, కావాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని దాని సారాంశం. షేరు పదిన్నర డాలర్లు. కనీసం 12 షేర్లు తీసుకోవాలి, అంటే 126 డాలర్లు. వెర్మాంట్‌లో కాపురం ఉంటున్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ అమ్మరు. అలా సుమారు ఏడున్నర లక్షల డాలర్లు పోగయ్యాయి. ఆ రాష్ట్రంలో నూటికి ఒక కుటుంబం చొప్పున వాటాదారులయ్యారు.

చిన్న వ్యాపారాలు బయటి పెట్టుబడి తెచ్చుకున్న ఉదంతాలు కావలసినన్ని ఉన్నాయి. కానీ మనిషికి కొలతలు తీసి కుట్టిన చొక్కాలా ఇంత సరిగ్గా అమరిన ఏర్పాటు నేను మరొకటి చూడలేదు. ఎక్కడెక్కడ ఎలా అమరిందో విప్పి చూడాల్సిన పనితనం అది.

ఈ కంపెనీ పెట్టిన బెన్ కోహెన్, జెర్రీ గ్రీన్‌ఫీల్డ్ చిన్ననాటి స్నేహితులు. ఐస్‌క్రీమ్ తయారీని ఐదు డాలర్ల పోస్టల్ కోర్సులో నేర్చుకున్నారు. 1978 మేలో బర్లింగ్టన్ ఊళ్లో ఒక పాత పెట్రోలు బంకును బాగుచేసి దుకాణం తెరిచారు. పెట్టుబడి 12 వేల డాలర్లు, అందులో 4 వేలు అప్పు. ఆ దశలో వాళ్లు వాటాలు అమ్మజూపి ఉంటే తప్పయ్యేది. సరుకు జనానికి నచ్చుతుందో లేదో తెలియని రోజున కంపెనీకి విలువ కట్టడమంటే గాలిలో లెక్క వేయడమే. అప్పుడు ఏ ధరకు అమ్మినా అటు కొన్నవాడికో ఇటు అమ్మినవాడికో అన్యాయం జరుగుతుంది.

1984కు పరిస్థితి మారింది. ఆ ఏడాది అమ్మకాలు 40 లక్షల డాలర్లు దాటాయి, అంతకు ముందటేడు కంటే రెట్టింపుకు పైగా. ఐస్‌క్రీమ్ కావాలనే దుకాణాలకు కొదవ లేదు. ఉన్న చోట అంత సరుకు తయారు కాదు. అదే రాష్ట్రంలోని వాటర్‌బరీలో పెద్ద ఫ్యాక్టరీ కట్టాలి. వాటా అమ్మడం తగునా తగదా అని ఆలోచించే ఎవరైనా ఇక్కడ కాసేపు ఆగాలి. కొనేవాళ్లు ఉన్నారు, చేసే నేర్పు ఉంది, పేరు వచ్చింది, లేనిది డబ్బు ఒక్కటే. కొనేవాళ్లే లేకపోతే వాటా సొమ్ము ఆ లోటును కొన్నాళ్లు కప్పిపెట్టగలదు గానీ తీర్చలేదు.

మరి బ్యాంకు అప్పుతో పోయేది కాదా? అమెరికాలో బ్యాంకులు తమ మేలైన ఖాతాదారులకు ఇచ్చే అప్పుల మీదే ఆ ఏడాది వడ్డీ సుమారు 11 నుంచి 13 శాతం నడిచింది. పైగా వెర్మాంట్ చలికాలం చాలా కఠినం. మంచు కురిసే నెలల్లో ఐస్‌క్రీమ్ బేరం పడిపోతుంది, బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా వచ్చి నిలబడుతుంది. వాటాదారుడు జనవరిలో తలుపు తట్టడు. లాభం వచ్చిన ఏడు పంచుకుంటాడు, రాని ఏడు ఓర్చుకుంటాడు. రాబడి ఎగుడుదిగుడుగా ఉండే వ్యాపారానికి ఈ ఓర్పు ఎంత విలువైనదో, అప్పు తీసుకుని చలికాలం గడిపినవాళ్లకే తెలుస్తుంది. అలాగని అప్పును పూర్తిగా వదులుకోనక్కర్లేదు. అడుగున వాటా సొమ్ము ఉంటేనే దాని మీద అప్పివ్వడానికి బ్యాంకుకు ధైర్యం వస్తుంది.

ఓర్పుకు ఖరీదు ఉంటుంది, అది యాజమాన్యంలో భాగం. వెంచర్ పెట్టుబడిదారుడి దగ్గరికి వెళితే డబ్బు ఒకే చెక్కులో వచ్చేది, పని చిటికెలో అయ్యేది. కానీ అతను బోర్డులో కుర్చీ అడుగుతాడు, కొన్నేళ్లలో తన వాటా అమ్ముకుని బయటపడే దారీ అడుగుతాడు. కోహెన్‌కు అది రుచించలేదు. కంపెనీ ఎదిగితే దాన్ని నిలబెట్టిన చుట్టుపక్కల జనమూ బాగుపడాలన్నది ఆయన పట్టుదల. మంచి మనసుతో అనుకున్న మాటలు సాధారణంగా కాగితం మీదికి వచ్చేసరికి నీరుగారిపోతాయి. ఇక్కడ మాత్రం ఆ పట్టుదల ధరలోకీ, నియమాల్లోకీ, ప్రకటనలోకీ దిగింది. నన్ను బాగా కట్టిపడేసిందీ అదే.

126 డాలర్లనే చూడండి. జీతం మీద బతికే కుటుంబం కూడా కూడబెట్టి పెట్టగలిగిన మొత్తం, ఒకవేళ పోయినా ఇల్లు కూలదు. ఒక్కరే పెద్ద మూట తెస్తే ఆ ఒక్కరి మాటకు బరువు పెరుగుతుంది. వందల మంది చిన్న మొత్తాలు తెస్తే పగ్గాలు వ్యవస్థాపకుల చేతిలోనే ఉంటాయి. అమ్మింది కంపెనీలో ఐదో వంతు కంటే తక్కువే. ఆ లెక్కన మొత్తం కంపెనీకి కట్టిన విలువ ఒక ఏడాది అమ్మకాలకు అటూఇటూగా తేలుతుంది. తెలియని జనం కొంటున్నారు కదా అని ధర పెంచేయలేదని ఆ అంకె చెబుతోంది.

వెర్మాంట్ వాళ్లకే అమ్మాలన్న హద్దు ఊరి మీద ప్రేమతో గీసినదే అయినా, దాని వెనక చట్టం లెక్క కూడా ఉంది. ఒక రాష్ట్రంలోని కంపెనీ ఆ రాష్ట్ర నివాసులకే షేర్లు అమ్మితే ఫెడరల్ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అమెరికా 1933 సెక్యూరిటీల చట్టం మినహాయింపు ఇస్తుంది. ఏడున్నర లక్షల డాలర్ల కోసం దేశవ్యాప్త ఇష్యూకు అయ్యే లాయర్ల ఖర్చు భరించడం చిన్న కంపెనీ వల్ల కాదు. హద్దు గీసుకోవడంతో ఆ ఖర్చు తప్పింది. కంపెనీ షేర్లను నేరుగా అమ్ముకుంది. రోజూ సరుకు తింటున్నవాళ్లను మించి ఆ సరుకును తూచగలవాళ్లు ఎవరుంటారు? అందుకే మూత మీద ప్రకటన అంత సరైన చోట పడిందంటాను.

మన దగ్గర గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒక పచ్చళ్ల కంపెనీ ఇదే పని చేద్దామంటే కుదరదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో సభ్యులు 200 మందికి మించకూడదు, షేర్లు కొనమని జనాన్ని బహిరంగంగా పిలవకూడదు. చిన్న కంపెనీల కోసం 2012లో స్టాక్ ఎక్స్ఛేంజీలు వేరే వేదికలు తెరిచాయి గానీ, అక్కడ కనీస దరఖాస్తు మొదటి నుంచీ లక్ష రూపాయలకు తగ్గలేదు. చిన్న మదుపరికి నష్టం రాకూడదన్న జాగ్రత్త అందులో ఉంది, కాదనను. దాని వల్ల ఆ పచ్చడి రోజూ తినే కుటుంబం వాటాదారు కాలేకపోతోందన్నదీ నిజమే.

వాటర్‌బరీ ఫ్యాక్టరీ 1985లో మొదలైంది, అమ్మకాలు 90 లక్షల డాలర్లు దాటాయి. పన్నుకు ముందు లాభంలో ఏడున్నర శాతం సేవా పనులకు ఇవ్వాలన్న నిర్ణయం కూడా అప్పటిదే. బయటి ఫండ్ చేతిలో పెద్ద వాటా ఉండి ఉంటే ఆ నిర్ణయం అంత సులువుగా గట్టెక్కేదని నేను అనుకోను. 1991లో పాల ధర పడిపోయినప్పుడు వెర్మాంట్ పాడి రైతులకు మార్కెట్ ధర మీద అదనంగా ఐదు లక్షల డాలర్లు చెల్లించగలిగింది కూడా ఆ కంపెనీయే.

ఈ పనిలో నాకు లోటుగా తోచిన చోటు ఒకటుంది, అది తర్వాతి మెట్టు. 1985లో షేర్లను దేశమంతటికీ అమ్మారు. రాష్ట్రం హద్దు చెరిగిపోయింది. కొనేవాడు ఎవరైనా కావచ్చు, అతనికి ఐస్‌క్రీమ్ రుచి తెలియనక్కర్లేదు. 2000లో బహుళజాతి సంస్థ యూనిలీవర్ షేరుకు 43 డాలర్ల 60 సెంట్లు, మొత్తం 32 కోట్ల 60 లక్షల డాలర్లు ఇస్తానంది. కంపెనీని బయటివాళ్ల చేతికి పోనివ్వకూడదని కోహెన్ ప్రయత్నించినా, చివరికి బోర్డు అమ్మకానికి ఒప్పుకుంది. సామాజిక ఆశయాల కాపలాకు ఒక స్వతంత్ర బోర్డు ఉండాలని ఆ ఒప్పందంలోనే రాయించుకున్నారు. షేరు చేతులు మారేటప్పుడు కొనే మొదటి హక్కు వెర్మాంట్ కుటుంబాలకే ఉంటుందన్న షరతు 1984 కాగితాల్లోనే ఉండి, 1985లో కూడా దాన్ని వదలకుండా ఉండి ఉంటే, యూనిలీవర్ వెర్మాంట్‌లో ఇల్లిల్లూ తిరిగి అడగాల్సి వచ్చేది.