కారానికి కమ్మదనం ఎక్కడిది?

కూరలో కారం చాలలేదనిపిస్తే చాలామంది చేసే పని ఇంకో చెంచా వేయడం. నోరు మండుతుంది గానీ కూర రుచి మాత్రం పెరగదు. కారం అంటే మంట అనుకోవడమే ఇక్కడి పొరపాటు. మిరపకాయలో మంట, రంగు, వాసన అనేవి మూడు వేర్వేరు గుణాలు. రంగు తోలులో ఉంటుంది. మంట గింజల్లో ఉంటుందని అనుకుంటాం గానీ, మంటనిచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థం గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో తయారవుతుంది. వాసన మాత్రం ఎండ, వేడి తగిలాకే పూర్తిగా బయటికొస్తుంది. పైగా మంటను శాస్త్రం రుచుల్లో లెక్కించదు. వేడిని పసిగట్టే నరాల గ్రాహకమే క్యాప్సైసిన్‌ను కూడా పసిగడుతుందని 1997లో డేవిడ్ జూలియస్ బృందం చూపింది. ఆ పరిశోధనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఇంకో చెంచా కారంతో పెంచేది చాలావరకు నొప్పినే. ఇంటి కారానికి కమ్మదనం కావాలంటే కాయను ఎంచడంలో, ఎండబెట్టడంలో, నూనెలో వేసే తీరులో వెతకాలి. ఓరుగల్లు చుట్టుపక్కల వంటిళ్లు చాలాకాలంగా చేస్తున్నది ఇదే.

మొదటి మెళకువ కాయలను కలపడం. తేజ రకం సన్నగా, ఘాటుగా ఉంటుంది. ఘాటును కొలిచే స్కోవిల్ లెక్కలో సుమారు 75 వేల నుంచి లక్ష దాకా చెబుతారు. చపాట దీనికి పూర్తిగా భిన్నం. కాయ లావుగా, గుండ్రంగా ఉంటుంది, తోలు మందం, రంగు గాఢం, ఘాటు తక్కువ. ఆ ఆకారం, రంగు చూసే జనం దాన్ని టమాటా మిర్చి అంటారు. భూపాలపల్లి, ములుగు, వరంగల్, హనుమకొండ జిల్లాల్లో రైతులు తమ కాయల నుంచే విత్తనం ఏరుకుంటూ దీన్ని నిలుపుకొచ్చారు. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిమ్మంపేట మిర్చి రైతు ఉత్పత్తిదారుల సంస్థ, మహబూబాబాద్ జిల్లా మాల్యాలలోని ఉద్యాన పరిశోధన కేంద్రం కలిసి చేసిన కృషి అది. వంటింటి లెక్కలో చూస్తే మూడు పాళ్ల చపాటకు ఒక పాలు తేజ కలిపిన కారం కూరకు ఎరుపు, చిక్కదనం, తగినంత ఘాటు మూడూ ఇస్తుంది. ఒక్క తేజతో దంచిన కారం చిటికెడు వేయగానే మండుతుంది. చిటికెడు కారంతో కూరకు రంగెక్కడ వస్తుంది? ఘాటు తక్కువైన కాయ ఉంటేనే కారం ధారాళంగా వేయగలం, అప్పుడే గ్రేవీకి ఒళ్లు వస్తుంది. చపాట ధర సాధారణంగా తేజ కంటే ఎక్కువేనన్నది నిజమే. కానీ ఒక ఇంటికి ఏడాదికి పట్టేది మూడు నాలుగు కిలోలు. అంత కొద్దిపాటి సరుకులో రుచిని వదులుకునేంత పొదుపు ఏముంటుంది?

కాయ ఎంత మంచిదైనా నెమ్ము ఉంటే కారం చెడుతుంది. తేమ 10, 11 శాతానికి దిగకపోతే బూజు పట్టవచ్చు, అఫ్లాటాక్సిన్ అనే విషం చేరవచ్చు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గింజలు గలగలమనాలి. వేళ్ల మధ్య వంచితే కాయ సాగకుండా ఫెళ్లున విరగాలి. చపాటకు తోలు మందం కాబట్టి ఎండ ఇంకాస్త ఎక్కువ కావాలి. తెల్లబారిన తాలు కాయలను నిర్దాక్షిణ్యంగా ఏరేయాలి. అవి బరువు పెంచుతాయి, రంగు చంపుతాయి. ముచ్చికలు మాత్రం ఎండిన తరువాతే తీయాలి. ముందే తీస్తే ఆ రంధ్రంలోంచి తేమ, దుమ్ము, పురుగు లోపలికి పోతాయి. తరువాత సన్నటి సెగ మీద కాయలను వేడెక్కే వరకే తిప్పాలి. నల్లమచ్చ పడిందంటే రంగు మాడినట్టే, చేదు మొదలైనట్టే. కిలో కాయలకు పావు కిలో ధనియాలు, 50 గ్రాముల జీలకర, 20 గ్రాముల మెంతులు విడివిడిగా వేయించి కలిపితే వాసనకు ఒక పునాది ఏర్పడుతుంది. మెంతులు ఇంతకన్నా ఎక్కువైతే చేదు. ఎల్లిపాయను ఏడాది కారంలో కలపడం చాలా ఇళ్లలో ఉంది. నా అభిప్రాయంలో అది పొరపాటు. దాని తడి జాడీ మొత్తాన్ని పాడు చేయవచ్చు. వారానికి సరిపడా కారం తీసి, పచ్చి ఎల్లిపాయ, ఉప్పుతో రోట్లో దంచుకుంటే ఆ వాసన ఏ రోజుకారోజు కొత్తగా ఉంటుంది. ఇక గిర్నికి వెళ్తే నష్టం లేదు గానీ, పట్టిన పొడి చాలా వేడిగా వస్తుంది. దాన్ని పలచగా పరిచి పూర్తిగా చల్లారాకే జాడీకి ఎత్తాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ చేరుతుంది. వెలుతురు, గాలి రంగును తినేస్తాయి కాబట్టి గాజు సీసా కంటే పింగాణీ జాడీ మేలు.

ఇంత చేసినా చివరి అరనిమిషంలో అంతా పోవచ్చు. ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్, మంటనిచ్చే క్యాప్సైసిన్ రెండూ నూనెలో కరిగేవే. నీళ్లలో కలిపిన కారం కూరలో తేలాడుతూ పచ్చివాసన కొడుతుంది. పొగలు కక్కే నూనెలో వేసినది క్షణాల్లో ఇటుక రంగు దాటి గోధుమరంగుకు తిరుగుతుంది. పోపు అయ్యాక మంట తగ్గించి, నూనె కాస్త నెమ్మదించాక కారం వేసి, గరిటె రెండుసార్లు తిప్పి, వెంటనే ఉల్లిగడ్డ ముద్దో టమాటానో చేర్చాలి. గిన్నె అంచుల వెంట ఎర్రటి నూనె విడిపోతే కారం పని చేసినట్టు. వేయించిన పల్లీలు, నువ్వులు, కుడుక నూరి కలిపే అలవాటుకు అర్థం కూడా ఇదే. వాటి కొవ్వు మంటను తనలో కలుపుకుని నాలుక మీదికి మెల్లగా వదులుతుంది. అందుకే నువ్వుల ముద్ద పడిన గుత్తి వంకాయలో కారం ఎంత ఉన్నా గొంతు పట్టుకోదు.

ప్యాకెట్ కారం దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో ఎండబోయడం కష్టమే, ప్యాకెట్లన్నీ కల్తీ అనడమూ తప్పే. కానీ పొడి అయిన క్షణం నుంచి వాసన తగ్గుతూనే ఉంటుంది. కాయగా ఉన్నంతకాలం తోలు దాన్ని కాపాడుతుంది. ఏడాది కారం ఒకేసారి పట్టించలేని వారు కాసిన్ని కాయలు తెచ్చి నెలకోసారి మిక్సీలో వేసుకోవచ్చు. ఇక ఎరుపే నాణ్యత అని నమ్మడం ఎంత ప్రమాదమో 2003లో తెలిసింది. భారత్ నుంచి వెళ్లిన మిరప సరుకులో సూడాన్ అనే నిషేధిత కృత్రిమ రంగు ఉందని ఫ్రాన్స్‌లో బయటపడింది. కాయను కళ్లారా చూసి కొన్నవారికి ఆ భయం చాలా తక్కువ.

మిరపే మనది కాదు, పోర్చుగీసువారితో సముద్రం దాటి వచ్చింది, దాని చుట్టూ సంప్రదాయమేమిటని అనేవారూ ఉన్నారు. వచ్చింది నిజమే. అంతకుముందు మనకు ఘాటిచ్చింది ఎక్కువగా మిరియమే, మిరపకాయ పేరులో ఆ జాడ ఇంకా ఉంది. కానీ విత్తనం ఎక్కడి నుంచి వచ్చినా, ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉన్న కాయను తరాల తరబడి ఏరి చపాటగా నిలిపింది ఈ నేల రైతులు. దాన్ని ఏ కాయతో, ఏ పాళ్లలో కలపాలో తేల్చింది ఈ వంటిళ్ల ఆడవాళ్లు. ఆ కాయను దుకాణంలో కొనేవాళ్లు ఉంటేనే ఆ జ్ఞానం పొలంలో మిగులుతుంది. ఈ ఎండాకాలం జనగామలో కొన్నా, కేసముద్రంలో కొన్నా, భూపాలపల్లిలో కొన్నా కారంపొడి అడగకండి. చపాట కాయలు ఉన్నాయా అని పేరు పెట్టి అడగండి.