కాలువ గట్టు మీద మధురవాణి

లేని సినిమాకు డబ్బు ఖర్చు కాదు. హీరో డేట్లు అక్కర్లేదు, డిస్ట్రిబ్యూటరు బెదిరింపులుండవు, సెన్సారు కత్తెర ఉండదు. మరి అలాంటి సినిమాలో స్త్రీలు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు? ఎవరు మాట్లాడతారు, ఎవరు వింటారు? బాన్సువాడలో డిగ్రీ చదువుతున్న అమ్మాయిలకు తెలుగు చెప్తూ ఒక వేసవిలో ఈ ప్రశ్న వేసి చూశాను. 1956లో విడుదలైనట్టుగా ఒక నలుపు తెలుపు సినిమాను ఊహించాలి. పాత్రలు సొంతవి కాకూడదు, వేరువేరు పుస్తకాల్లోంచి, సినిమాల్లోంచి తెచ్చుకోవాలి. దానికి పాటల పుస్తకం రాయాలి. వెనకటికి హాలు దగ్గర అణాలకు అమ్మిన పాటల పుస్తకాలు ఈ తరానికి తెలియవు. కథను సగం చెప్పి, తరువాయి వెండితెర మీద చూడమని ఊరించే ఆ పల్చని పుస్తకాలంటే నాకు మహా ఇష్టం.

సినిమాకు 'కాలువ గట్టు' అని పేరు పెట్టుకున్నారు. కన్యాశుల్కం నుంచి మధురవాణి వచ్చింది. దేవదాసు నుంచి పార్వతి. వరవిక్రయం నుంచి కాళింది. కాళింది బావిలో దూకాక ఎవరో పైకి లాగారట, బతికిందట! ఆ ఒక్క మార్పుకే నేను వాళ్లకు సగం మార్కులు వేసేదాన్ని. 1939లో ఆ సినిమాతోనే భానుమతి తెరమీదికి వచ్చింది. ఆత్మాభిమానం ఉన్న పిల్లకు చావు తప్ప దారి చూపించని కథలో ఆమె మొదటి వేషం వేసిందన్నది మనం తరచూ మర్చిపోతాం.

ఇలా పాత్రల్ని ఊళ్లు దాటించడం పాత సినిమాకు కొత్త కాదు. మాయాబజార్ శశిరేఖ వ్యాసభారతంలో లేదు. పాండవులు ఆ సినిమాలోనే లేరు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి దూరితే సావిత్రి నవ్వులో మగ రాక్షసుడు కనిపిస్తాడు. ఇంత స్వేచ్ఛ తీసుకున్న పరిశ్రమ ఇద్దరు స్త్రీలను తీరిగ్గా కూర్చోబెట్టి, మగవాడి ఊసు లేకుండా మాట్లాడించిన సందర్భాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. శరత్ నవలలో పార్వతీ చంద్రముఖీ ఒకరినొకరు చూసుకోనే చూసుకోరు. 2002లో భన్సాలీ కలిపాడు, కలిపి డాన్సు చేయించాడు. సరే, అదీ ఒక కలయికే అనుకుందాం.

అమ్మాయిలు ఆలోచించని చిక్కొకటి నాకు భలే నచ్చింది. వినోదా వాళ్లే తీసిన దేవదాసు (1953)లో పార్వతీ, కన్యాశుల్కం (1955)లో మధురవాణీ సావిత్రే. అంటే వీళ్ల సినిమాలో ఇద్దరికీ ఒకే ముఖం. కులస్త్రీ, వేశ్య ఎదురెదురుగా నిలబడితే అద్దంలో చూసుకున్నట్టే. తెలుగు సమాజం ఎంతో జాగ్రత్తగా విడదీసి పెట్టుకున్న రెండు వాకిళ్లకూ ఒకే నటి గడప తొక్కింది. ప్రేక్షకులు ఇద్దరికోసమూ ఏడ్చారు. దీన్ని విమర్శకులు నటనా వైవిధ్యం అని మెచ్చుకుని ఊరుకున్నారు.

ఇక కథ జరిగే చోటు. నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక మంజీర నీళ్లు పారిన ఈ ప్రాంతానికి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. కొన్ని ఊళ్ల పేర్ల చివర క్యాంపు అనే మాట ఇప్పటికీ మిగిలింది. బాన్సువాడకు రైలు లేదు కాబట్టి ముగ్గురు నాయికలూ బోధన్ స్టేషన్లో దిగి ఎడ్లబండి ఎక్కుతారు. ఇక్కడివాళ్లు కూడా ఒకరుండాలి కదా అని, దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు నుంచి ఆడబాప వనజను తెచ్చారు. ఆడబాప అంటే దొరబిడ్డ అత్తారింటికి పోతుంటే అరణంగా వెంట పంపే దాసి. 1956 నాటికి ఆ నవలే పుట్టలేదు. లేని సినిమాకు ఆ ఇబ్బంది లేదు.

వనజ మూడు చోట్ల కనిపిస్తుంది. మొదటిసారి మంచినీళ్లు తెస్తుంది. రెండోసారి కాళ్లకు నీళ్లిస్తుంది. మూడోసారి తలుపు పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటుంది. ఒక్క మాట లేదు. రాసిన వాళ్లలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది వనజ భాషే. వాడుక భాష కోసం కొట్లాడిన గురజాడ నాయికను పక్కనే పెట్టుకుని వనజను మూగదాన్ని చేశారు. నిర్మాత లేడు, సెన్సారు లేదు, అయినా వాళ్లను ఎవరూ ఆపకుండానే ఆగిపోయారు. తెలంగాణ మాటను పనివాళ్లకూ, రౌడీలకూ, నవ్వించేవాళ్లకూ పంచిపెట్టిన ఎన్నో ఏళ్ల తెర ఈ పిల్లల చెవుల్లో ఇంకా ఆడుతూనే ఉంది. క్యాంపు నుంచి వచ్చే అమ్మాయి ఒకతె అన్న మాట కూడా చెప్పాలి. సినిమాల్లో మాట్లాడేది తమ అమ్మమ్మ భాష కూడా కాదట. పొలం పనులు చేసుకునే ఆమె మాట ఏ హీరోయిన్ నోటా వినలేదట.

ఓల్గా 'విముక్త' కథల్లో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను కలుస్తుంది. అక్కడ సీతే వెళ్తుంది, సీతే వింటుంది. కథ బలమంతా ఆ వినడంలో ఉంది. స్త్రీల కలయిక అనగానే మనం సోదరీత్వం అని సంబరపడతాం గానీ, ఎవరి ఇంట్లో, ఎవరి భాషలో, మంచినీళ్లు ఎవరు తెస్తే ఆ కలయిక జరిగిందో అడగడం ఆలస్యం చేస్తాం. నన్నడిగితే వెండితెరకే కాదు, మన సభలకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

రెండోసారి రాసుకొచ్చినప్పుడు ఒక సీను మారింది. గడి వెనక వాకిట్లో మధురవాణి వనజను పేరడుగుతుంది. "పేరు పెట్టి పిలిచెటోళ్లు ఈ గడిల ఎవ్వలు లేరు" అంటుంది వనజ. గిరీశానికీ, రామప్పంతులుకూ క్షణంలో జవాబు చెప్పిన మధురవాణి నోట మాట రాదు. చెంబు తీసుకుని తనే కాలువకు నడుస్తుంది. అక్కడ పాట ఉండాలన్నారు కొందరు, వద్దన్నారు కొందరు. ఉంటే ఎవరు పాడాలన్న దగ్గర పెద్ద గొడవయింది. భానుమతి గొంతు వనజకు ఇవ్వాలని ఒకమ్మాయి పట్టుపట్టింది. అలా ఇస్తే కాళింది ఎవరి గొంతుతో పాడాలని ఇంకొకతె. పాటల పుస్తకంలో ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.